సముద్రం ఏ డిపార్ట్‌మెంటు?

ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్‌లో ఎమ్మే అనగానే మనవాళ్ళకి వచ్చే మొదటి అనుమానం: ఇంతకీ అది ఏ సబ్జెక్టు? ఉద్యోగం చేసుకుంటూ అలాంటి కోర్సుకి అప్లై చేద్దామా అని చూస్తున్న నన్ను ఇంట్లోనూ ఆఫీసులోనూ అడిగింది ఇదే. మాట కొత్తదే కావచ్చు. ఆ పని మాత్రం విశాఖపట్నంలో డెబ్బై ఏళ్ళ కిందటే జరిగింది, అదీ ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో, పెదజాలరిపేటకి దగ్గర్లోనే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళాలతో సైన్సు కాలేజీ నిలబడింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, జువాలజీ, జియాలజీ దేనికదే. కానీ కొండ దిగితే కనిపించే సముద్రం మాత్రం వీటిలో ఏ ఒక్కదానిలోనూ ఇమడలేదు. నీటి వేడీ కదలికా ఫిజిక్సు, ఉప్పు కెమిస్ట్రీ, చేప జువాలజీ, అడుగున ఉన్న మట్టి జియాలజీ.

1952లో అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చారు. జియాలజీ ప్రొఫెసర్ సి. మహదేవన్ వంటివారితో కలిసి బంగాళాఖాతాన్ని కొలవడం మొదలుపెట్టారు. ఫలితాలు 1954లో యూనివర్సిటీ ప్రచురణగా వచ్చాయి. అందులో తేలిన ముఖ్య విషయం ఇది: వసంతంలో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి పోతుంది, అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకి వస్తాయి. శరదృతువు దాటాక ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, పై నీళ్ళు కిందికి దిగుతాయి. తర్వాత తూర్పు తీరం దగ్గర సముద్రగర్భంలో దొరికిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకోదానికి మహదేవన్ అని లఫాండే పేరు పెట్టారు.

ప్రవాహం దిక్కు మారుతుందన్నది తెప్ప మీద వేటకి పోయే జాలరికి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలియకపోతే ఇల్లు చేరడు. ఎంత లోతు నుంచి, ఎందుకు అన్నది చెప్పడానికి మాత్రం థర్మామీటర్లూ ఓడలూ కావాలి. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనను. ఒకదానికి డిగ్రీ ఉంది, ఇంకోదానికి లేదు, అంతే.

జాలరిపేట మీద కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉంది. ఛార్లెస్ నకల్స్ అనే అమెరికన్ ఆంత్రొపాలజిస్టు ఇక్కడి జాలర్ల మధ్య ఉండి, మనోవిశ్లేషణనీ ఆంత్రొపాలజీనీ కలిపి రాసిన పుస్తకం 1996లో వచ్చింది. జాలరి కుటుంబంలో కష్టం వస్తే ఇంటి అమ్మవారికి ఎందుకు కోపం వచ్చిందని అడిగించుకుంటారు. ఆ జవాబు వెతుకుతూ పోతే అన్నదమ్ముల తగువులు బయటపడతాయి. అంటే, వల ఖాళీగా వచ్చిన రోజుకి ఓషనోగ్రఫీలో ఒక కారణం, ఇంట్లో ఇంకో కారణం. మొదటిది చేప ఎందుకు లేదో చెప్తుంది. రెండోది, చేప లేని ఇల్లు ఎలా నిలబడుతుందో.

ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడినీ పచ్చదనాన్నీ చూసి, చేపలు ఎటు ఉండొచ్చో దిక్కూ దూరమూ చెప్తోంది. ఇది నా వృత్తికి దగ్గరి వ్యవహారం కాబట్టి నాకు భయమూ ఉంది. సాఫ్ట్‌వేర్ కొలవగలిగినదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. నీటి రంగు చూసి చెప్పగలిగే పెద్దవాళ్ళని అడిగి రాసుకునేవాళ్ళు లేకపోతే, ఒక తరంలో ఆ విద్య పోతుంది. ఆ రాసుకునే పని ఏ డిపార్ట్‌మెంటుది? ఓషనోగ్రఫీది కాదు, తెలుగుది కాదు, కంప్యూటర్ సైన్సుది అసలే కాదు.

అన్నీ కొంచెం కొంచెం తెలిసి ఏదీ సరిగ్గా తెలియకపోవడం ఇలాంటి చదువులో అసలు ప్రమాదం. మహదేవన్ ముందు గట్టి జియాలజిస్టు, ఆ తర్వాతే సముద్రం వైపు నడిచారు. అందుకని ఈ ఎమ్మేకి వెళ్ళేవాళ్ళు చేతిలో ఒక విద్యనీ, ఆ ఒక్క విద్యకీ లొంగని ఒక ప్రశ్ననీ పట్టుకు వెళ్ళాలి. ప్రశ్న ఉంటే సబ్జెక్టు పేరు తర్వాతైనా పెట్టుకోవచ్చు.