పాదచారులకు వాహన ప్రమాద పరిహారం

రోడ్డు మీద నడిచి వెళ్తున్న మనిషిని మోటారు వాహనం ఢీకొంటే, గాయపడినవారికి గానీ మరణించినవారి కుటుంబానికి గానీ చట్టప్రకారం రావలసిన సొమ్మును పాదచారుల ప్రమాద పరిహారం అంటారు. భారతదేశంలో దీనికి ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అంతకు ముందున్న 1939 చట్టాన్ని 1956లో సవరించి, ఈ తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి మోటారు ప్రమాద క్లెయిముల ట్రైబ్యునళ్లకు అప్పగించారు. నేటికీ విచారణ జరిపేది అవే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోగా, వారిలో 32,825 మంది కాలినడకన ఉన్నవారు. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. సెక్షన్ల వారీగా చదివితే చట్టం ఉదారంగానే కనిపిస్తుంది. నడిచేవాడి వైపు నిలబడి చదివితే మాత్రం ఒక విడ్డూరం బయటపడుతుంది. అతడికి ఎంత నష్టం జరిగిందన్న ప్రశ్న కంటే, గుద్దిన బండి నంబరు దొరికిందా లేదా అన్న ప్రశ్నే పరిహారాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. జిల్లా పేజీల్లో రోజూ అచ్చయ్యే ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని’ అన్న మాట ఒక కుటుంబానికి ఎన్ని లక్షల తేడా తెస్తుందో లెక్క కట్టి చూస్తే గానీ ఈ సంగతి తెలియదు.

లెక్క కట్టే పద్ధతి ఇప్పుడు బాగా స్థిరపడింది. 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోను సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు దానికి పునాది. చనిపోయిన మనిషి సంపాదన తీసుకోవాలి, ముందు ముందు పెరగగల రాబడిని దానికి కలపాలి, అతడు తనమీద తాను పెట్టుకునే ఖర్చు తీసేయాలి, మిగిలినదాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయలు తెచ్చుకునే 34 ఏళ్ల తాపీమేస్త్రీ నడుస్తూ కారు కింద పడి చనిపోయాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. సొంత పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు కాబట్టి రాబడికి 40 శాతం కలిపితే 21,000. ఆధారపడినవారు నలుగురు కాబట్టి నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 16, కాబట్టి మొత్తం 30,24,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు, ఆస్తి నష్టం కింద చెరి 15,000, తోడు కోల్పోయినందుకు 40,000 కలుస్తాయి. ఇవి 2017 నాటి రేట్లు. మూడేళ్లకోసారి పది శాతం పెంచాలని ఆ తీర్పే చెప్పింది. తోడు కోల్పోవడం జీవిత భాగస్వామికి మాత్రమే కాదు, పిల్లలకూ తల్లిదండ్రులకూ వర్తిస్తుందని 2018లో స్పష్టం చేశారు. గాయాల కేసుల్లో లెక్క ఇంకాస్త చిక్కు. 2010 నాటి రాజ్‌కుమార్ తీర్పు ప్రకారం డాక్టరు రాసిచ్చిన వైకల్య శాతం ఒకటి, దానివల్ల పోయిన సంపాదన శాతం మరొకటి. చేయి పోయిన వడ్రంగికి బతుకుతెరువే పోతుంది, గుమాస్తాకు ఉద్యోగం మిగలవచ్చు. అందుకే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లోని అంకెను అలాగే ఎత్తి పరిహారంలో పెట్టడం తప్పు. ఇంటిపని చేసే ఆడవాళ్లకు సంపాదన లేదు కాబట్టి నష్టమూ లేదన్న వాదనను కూడా కోర్టులు చాలాకాలం కిందటే తోసిపుచ్చాయి. ఆ శ్రమకు లెక్క కట్టి తీరాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

ఇప్పుడు అదే మేస్త్రీని అదే రోడ్డు మీద అదే వేగంతో కారు గుద్దింది గానీ ఆగకుండా వెళ్లిపోయింది, నంబరు ఎవరూ చూడలేదు అనుకుందాం. ట్రైబ్యునల్‌లో ప్రతివాదిగా పెట్టడానికి మనిషే లేడు. మిగిలేది చట్టంలోని 161వ సెక్షన్. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు. ముప్పై లక్షల నష్టం పదిహేనో వంతుకు కుదించుకుపోతుంది. భార్యాపిల్లల అవసరాలు మాత్రం వీసమెత్తు మారవు. ఈ 2 లక్షలు కూడా 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చినవే. 1994 సవరణ మరణానికి 25,000, తీవ్ర గాయానికి 12,500 అని పెట్టాక రెండున్నర దశాబ్దాలకు పైగా ఆ అంకెలు కదలలేదు. ఉన్న కొద్దిపాటి సొమ్మైనా చేరుతోందా అంటే అదీ లేదు. 2022లో ఢీకొట్టి పారిపోయిన ఘటనలు 67,387 నమోదై 30,486 మంది చనిపోగా, 2022-23లో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205 మాత్రమేనని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. వాటిలో పరిష్కారమైనవి 95. బాధితులకు ఈ పథకం సంగతి పోలీసులే చెప్పాలని, మొత్తాన్ని పెంచే విషయం కేంద్రం ఆలోచించాలని అప్పుడే ఆదేశించింది. దరఖాస్తు తీసుకునేది రెవెన్యూ అధికారి, మంజూరు చేసేది కలెక్టరు, డబ్బు ఇచ్చేది బీమా కంపెనీల ఉమ్మడి సంస్థ అయిన జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్. ట్రైబ్యునల్‌కూ దీనికీ సంబంధం లేదు. ప్రమాదం కేసంటే కోర్టే అనుకునే కుటుంబానికి కలెక్టరేట్‌లో ఇలాంటి దారి ఒకటుందని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంత తేడా ఎందుకు? చట్టం ఇంకా తప్పు చుట్టూ తిరుగుతోంది కాబట్టి. 166వ సెక్షన్ కింద పూర్తి పరిహారం కావాలంటే డ్రైవరు నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. తప్పు చేసిన మనిషి కనబడకపోతే పరిహారం కాస్తా దయాధర్మంగా మారుతుంది. రెండు వాహనాలు గుద్దుకున్నప్పుడు తప్పెవరిదన్న ప్రశ్నకు అర్థముంది, ఇద్దరూ రోడ్డు మీదికి ప్రమాదాన్ని తెచ్చినవాళ్లే. పాదచారి అలాంటిదేమీ తేలేదు. ఈ మాట కొత్తదీ కాదు. 1987లో గుజరాత్ ఆర్టీసీ కేసులో జస్టిస్ ఇ.ఎస్. వెంకట్రామయ్య, తన తప్పు లేకుండా దెబ్బతిన్న పాదచారికి డ్రైవరు నిర్లక్ష్యంతో నిమిత్తం లేకుండా పరిహారం అందాలని, లేకపోతే సామాజిక న్యాయమన్న మాటకు అర్థం ఉండదని భావించారు. 2001లో కౌష్నుమా బేగం కేసు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. టైరు పేలి బోల్తాపడిన జీపు కింద పడి రోడ్డున పోతున్న మనిషి మరణించాడు. డ్రైవరు తప్పేమీ లేదని కింది కోర్టులు కుటుంబాన్ని వెనక్కి పంపాయి. ప్రమాదకరమైన వస్తువును బయటికి తెచ్చినవాడే దాని ఫలితానికి బాధ్యుడన్న 1868 నాటి ఇంగ్లండు సూత్రాన్ని సుప్రీంకోర్టు ఇక్కడ వర్తింపజేసి పరిహారం ఇప్పించింది. అయినా పార్లమెంటు ఆ దారిలో సగమే నడిచింది. 2019 సవరణతో వచ్చిన 164వ సెక్షన్ కింద తప్పు నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. కానీ అందుకూ బండి దొరకాలి.

నడిచేవాళ్లూ తక్కువ తినలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. డివైడరు దూకుతారు, సిగ్నల్ చూడరు, ఫోన్ మాట్లాడుతూ రోడ్డు దాటుతారు. నిజమే, అందుకే ట్రైబ్యునళ్లు కొన్ని కేసుల్లో వాళ్ల పాలు తప్పును శాతంగా కట్టి పరిహారంలో కోత పెడతాయి. అయితే ఈ వాదన రోడ్డు అందరికీ సమానంగా ఉందని ముందే ఊహించుకుంటుంది. ఫుట్‌పాత్ మీద తోపుడు బళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, పార్కింగ్ ఉన్న ఊళ్లో మనిషి కిందికి దిగి నడవడాన్ని నిర్లక్ష్యమనడం కష్టం. 2025 మేలో సుప్రీంకోర్టు నడవదగిన ఫుట్‌పాత్‌ను జీవించే హక్కులో భాగంగా గుర్తించి, రాష్ట్రాలు మార్గదర్శకాలు రూపొందించాలని చెప్పింది. ఆ హక్కు అందని చోట దాని బరువు నడిచేవాడి మీద పడకూడదు. ఫ్రాన్స్ 1985లోనే ఈ చిక్కుముడి విప్పుకుంది. అక్కడ పాదచారి శరీర గాయానికి పరిహారం నిరాకరించాలంటే క్షమించరాని తప్పు అతడిదై ఉండాలి, ప్రమాదానికి అదొక్కటే కారణమై ఉండాలి. పదహారేళ్ల లోపువారికీ డెబ్బై దాటినవారికీ ఆ మినహాయింపు కూడా వర్తించదు. కావాలని ప్రమాదం తెచ్చుకుంటే తప్ప పరిహారం ఆగదు.

రెండో అభ్యంతరం మోసాల గురించి. బండి దొరకకపోయినా పూర్తి పరిహారం ఇస్తే, మెట్ల మీంచి పడినవాడూ రోడ్డు ప్రమాదమంటాడని బీమా వర్గాల భయం. ఉత్తరప్రదేశ్‌లో నకిలీ క్లెయిముల మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాల్సి రావడం, 2021లో సుప్రీంకోర్టు ఆ వ్యవహారంపై ఆగ్రహించడం తెలిసినవే. కానీ మోసం పుట్టే చోటు ఎక్కడో గమనించాలి. గుర్తు తెలియని వాహనమైతే రెండు లక్షలు, బీమా ఉన్న బండి చూపిస్తే ముప్పై లక్షలు అన్నప్పుడు, ఎవరిదో బండిని కేసులోకి దించే బేరం తనంతట తానే తయారవుతుంది. రెంటి మధ్య దూరం తగ్గితే ఆ బేరానికి లాభమూ తగ్గుతుంది. ప్రీమియం పెరుగుతుందన్న మూడో మాట సరైనదే, ఎంతో కొంత పెరుగుతుంది. అయితే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేసిందే రోడ్డు మీది నష్టాన్ని బండ్లున్నవాళ్లంతా పంచుకోవడానికి. బ్రిటన్‌లో 1946లో బీమా కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో, 1969 ఒప్పందం నుంచి జాడ తెలియని డ్రైవర్ల బాధితులకూ పరిహారం ఇస్తోంది. గాయాలకు అక్కడ కట్టేది కోర్టు కట్టే లెక్కే, ఒకే రేటు కాదు. మన చట్టంలోనూ 2019 సవరణ మోటారు వాహన ప్రమాద నిధిని తెచ్చింది. పాత్ర ఉంది, అందులో పోసేది ఎంత అన్నదే తేలాలి.

అంతవరకు పాదచారి కుటుంబం చేతిలో ఉన్నది కాగితాలే. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాయించడం, ఎఫ్ఐఆర్‌లో వాహనం నంబరు, రంగు, రకం ఏది తెలిస్తే అది చేర్పించడం, చుట్టుపక్కల దుకాణాల సీసీ కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే పోలీసులను అడగడం మొదటి రోజుల పని. ఎమర్జెన్సీ వార్డు బయట ఓనరు తరఫువాళ్లు పది, ఇరవై వేలు చేతిలో పెట్టి ‘కేసెందుకులే అన్నా’ అనే రాజీకి దిగడం తరచూ జరిగేదే. కేసే పెట్టకపోతే బండి ఆధారాలు లేకుండా పోయి, పైన చెప్పుకున్న ముప్పై లక్షలు ఆ ఇరవై వేలతోనే ముగిసిపోవచ్చు. చికిత్స ఖర్చుకు భయపడి ఆ డబ్బు తీసుకునేవాళ్ల కోసం 2025లో కేంద్రం నగదు రహిత చికిత్స పథకం ప్రకటించింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా అది వర్తిస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో వివరమైన నివేదికను ట్రైబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకోవచ్చు. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ లాయరు చేత ఎం.వి.ఓ.పి. అనే పరిహార పిటిషన్ వేయించడమే వాడుక. అది ప్రమాదం జరిగిన చోటే వేయాలనేమీ లేదు. హైదరాబాద్‌లో కూలికి వచ్చి ప్రమాదంలో పోయిన శ్రీకాకుళం మనిషి కుటుంబం తమ సొంత జిల్లాలోనే వేసుకోవచ్చు. నిర్లక్ష్యాన్ని క్రిమినల్ కేసులో లాగా సందేహం మిగలకుండా నిరూపించనక్కర్లేదు, జరిగి ఉండే అవకాశం ఎటు ఎక్కువ మొగ్గితే అటే. డ్రైవరుకు లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ తప్పించుకోవచ్చన్న అనుమానం చాలామందికి ఉంటుంది. 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు తర్వాత సాధారణంగా కంపెనీ ముందు బాధితుడికి కట్టి, ఆ పైన ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. బీమాయే లేని బండి అయితే ఓనరు ఆస్తి మీద, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టుగా వసూలు చేయించుకోవడమే సాధారణంగా మిగిలే దారి. అది సంవత్సరాల పని.

గడువు విషయంలోనూ నంబరు ప్లేటు అడ్డు తగులుతుంది. 1994లో తీసేసిన కాలపరిమితిని 2019 సవరణ మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే పిటిషన్ వేయాలి. బండి దొరికిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచి. మరోవైపు 163వ సెక్షన్, పారిపోయిన వాహనం కేసులో 2 లక్షలు తీసుకున్నాక ట్రైబ్యునల్‌లో పరిహారం వస్తే ఆ 2 లక్షలు తిరిగి కట్టాలంటుంది. అంటే బండి తర్వాత దొరకవచ్చని చట్టానికి తెలుసు. ఎనిమిదో నెలలో దొరికితే ఏ తలుపు తట్టాలో మాత్రం చెప్పలేదు. ఈ గడువును సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిములను కొట్టివేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది.