మధుమేహము: రోగి చేతికి వచ్చిన వైద్యము

మధుమేహమున్నదని వైద్యుడు చెప్పిన దినమును ఎవరును మరువలేరు. కొందరు ఆ మాట నమ్మక మరియొకచోట మరల రక్తపరీక్ష చేయించుకొందురు. కొందరు అన్నము ముట్టుటకే భయపడుదురు. కొందరు ఇంటివారికి సైతము చెప్పక దాచుదురు. భారత వైద్య పరిశోధనా మండలి సహకారముతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహరోగులు కలరు. కనుక ఇట్టి దినమును చూచినవారు ప్రతి వీధిలోను ఉందురు. "ఇక నేనేమి చేయవలెను?" అనునదే వారందరి ప్రశ్న. ఈ ప్రశ్న చాల ప్రాతది. దానికి లభించిన సమాధానములు మాత్రము కాలమునుబట్టి మారుచు వచ్చినవి. ఆ మార్పునే ఇచ్చట పరిశీలింతము.

నడకయే మందు

మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని బాగుగ నెరుగుదురు. మూత్రమునకు తేనెవంటి మాధుర్యము కలుగుటనుబట్టియే దీనికి మధుమేహమను పేరు వచ్చినది. సుశ్రుత సంహిత ప్రమేహరోగులను రెండు తెగలుగా విభజించినది. పుట్టుకతోనే దోషము కలవారు ఒక తెగ. వీరు కృశించి యుందురు. అపథ్యమువలన వ్యాధి తెచ్చుకొనినవారు రెండవ తెగ. వీరు స్థూలకాయులు, తిండియందును కూర్చుండుటయందును ఆసక్తి కలవారు. ధనము, బంధువులు లేని రోగి గొడుగు, చెప్పులు లేకుండ నూరు యోజనములు నడువవలెననియు, లేదా బావి త్రవ్వవలెననియు ఆ గ్రంథము విధించినది. ఈ చికిత్స కఠినముగ కనబడవచ్చును. కాని ఇందొక విశేషము కలదు. ఇది వైద్యుడు చేయు పని కాదు. రోగి తన కాళ్ళతో, తన చేతులతో తానే చేసికొనవలసిన పని.

పాశ్చాత్య దేశములలో క్రీ.శ. రెండవ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు ఆరిటియస్ ఈ వ్యాధిలో శరీరమాంసము కరగి మూత్రమైపోవునని వర్ణించెను. అట్టి రోగి ఎక్కువకాలము బ్రదుకడని ఆయన తలచెను. 1776లో ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రమును ఇగిర్చి, మిగిలినది చక్కెరయే అని చూపెను. రోగి రక్తములోని ద్రవభాగము కూడ తియ్యగ నుండునని ఆయన గమనించెను.

తరువాత ఒక శతాబ్దమునకు పారిస్ నగరమును జర్మను సేనలు ముట్టడించినవి. 1870-71 నాటి ఆ ముట్టడిలో నగరమున రొట్టెకు కరవు వచ్చెను. అప్పుడు కొందరు రోగుల మూత్రములో చక్కెర తగ్గిపోవుటను బూషార్దా అను వైద్యుడు గమనించెను. తక్కువ తినుడు, శరీరశ్రమ చేయుడు, మీ మూత్రమును మీరే ప్రతిదినము పరీక్షించుకొనుడు అని ఆయన రోగులకు బోధించెను. సుశ్రుతుని నడకకు ఇప్పుడొక కొలత కూడ తోడైనది.

ఆకలితో కొన్న ఆయువు

1889లో స్ట్రాస్‌బర్గునందు మింకోవ్‌స్కీ, మెరింగ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క క్లోమమును తొలగించిరి. దానికి తీవ్రమైన మధుమేహము కలిగెను. వ్యాధి మూలము క్లోమములో నున్నదని తేలినది. కాని క్లోమమునుండి మందు తీయుట అంత సులభముగ సాధ్యము కాలేదు.

ఆ లోపల అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యుడు ఉపవాస చికిత్సను ప్రవేశపెట్టెను. మూత్రములో చక్కెర కనబడకుండు వరకు రోగిని పస్తుంచవలెను. పిమ్మట ప్రతి పదార్థమును తూచి, బ్రదుకుటకు చాలినంత మాత్రమే పెట్టవలెను. కూరలను మూడుమార్లు ఉడికించి, నీరు వంచి, వానిలోని పిండిని కూడ పోగొట్టుచుండిరి. ఇది వ్యాధిని నయము చేయలేదు; మృత్యువును కొంతకాలము ఆపినది. కొందరు వ్యాధివలన గాక ఆకలివలననే మరణించిరి.

ఎలిజబెత్ హ్యూస్ అను బాలికకు 1919లో, 11 ఏండ్ల వయస్సున, మధుమేహము కనబడెను. ఈమె తండ్రి తరువాత అమెరికా విదేశాంగ మంత్రి అయ్యెను. ఆమెను ఆలెన్ చికిత్సలో నుంచిరి. మూడేండ్లు ఆమె ఆకలితో కాలము గడపెను. 1922 ఆగస్టులో ఆమె బరువు 45 పౌనులు, అనగా ఇంచుమించు 20 కిలోలు మాత్రమే. కాని ఆ మూడేండ్లు వృథా కాలేదు. అవియే ఆమెను ఇన్సులిన్ వచ్చు వరకు బ్రదికించినవి.

టొరంటో నుండి వచ్చిన వార్త

1921 వేసవిలో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమున, మెక్లియాడ్ ఆచార్యుని ప్రయోగశాలలో, బాంటింగ్ అను యువ శస్త్రవైద్యుడును బెస్ట్ అను విద్యార్థియు కుక్కల క్లోమమునుండి తీసిన రసముతో ప్రయోగములు జరిపిరి. రసాయనవేత్త కాలిప్ ఆ రసమును శుద్ధి చేసెను. 1922 జనవరి 11న లియొనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునకు మొదటి సూదిమందు వేసిరి. అది సరిగ పనిచేయలేదు. జనవరి 23న శుద్ధి చేసిన మందు వేయగా రక్తములోని చక్కెర దిగివచ్చెను. కనిపెట్టినవారు తమ హక్కులను ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. ఎలిజబెత్ ఆ ఆగస్టులోనే టొరంటో చేరి, బాంటింగ్ చికిత్సలో కడుపునిండ రొట్టె తినగలిగెను.

అదే సమయమున స్కాట్లండునకు చెందిన లారెన్స్ అను యువవైద్యుడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున చావునకు ఎదురుచూచుచుండెను. 1920లో కంటిగాయమునకు చికిత్స పొందుచుండగా ఆయన మధుమేహము బయటపడినది. తన మరణమును ఇంటివారు చూడరాదని ఆయన దూరదేశము పోయెను. 1923లో లండను ఆసుపత్రిలోని మిత్రుడొకడు ఇన్సులిన్ దొరకినదని జాబు వ్రాసెను. ఆయన క్షీణించిన శరీరముతో, కారులో, అంత దూరము తిరిగివచ్చి మే నెలాఖరున మొదటి సూదిమందు పొందెను.

నేర్చుకొనిన రోగి

ఇచ్చటితో కథ ముగియలేదు. క్రొత్త సమస్య అప్పుడే మొదలైనది. ఇన్సులిన్ ఒకసారి వేసిన నయమగు మందు కాదు. ప్రతిదినము వేసికొనవలెను. తక్కువైనచో చక్కెర పెరుగును. ఎక్కువైనచో చక్కెర పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పును. దినమునకు రెండు మూడు పర్యాయములు వైద్యుడు ఇంటికి రాజాలడు. కనుక రోగియే సగము వైద్యుడు కావలసి వచ్చెను. గాజు సిరంజిని మరగించుట, మందు కొలుచుట, నీలిరంగు బెనెడిక్టు ద్రావణములో మూత్రము వేసి కాచి ఆకుపచ్చ, పసుపు, ఇటుకరంగులనుబట్టి చక్కెరను గుర్తించుట, ఇవి అన్నియు వంటయింటి పనులైనవి.

బోస్టను వైద్యుడు జాస్లిన్ ఈ యవసరమును ముందే గ్రహించి, 1918లోనే వైద్యులకును రోగులకును కలిపి ఒక కరదీపికను ప్రకటించెను. వ్యాధిని గూర్చి ఎక్కువ తెలిసిన రోగి ఎక్కువకాలము జీవించునని ఆయన విశ్వాసము. లారెన్సు తన అనుభవముతో రోగులకై గ్రంథము వ్రాసెను. మధుమేహియైన రచయిత హెచ్.జి. వెల్సుతో కలిసి 1934లో రోగుల సంఘమును స్థాపించెను. తనకు వ్యాధి కలదని ఆయన దాచలేదు. ఎలిజబెత్ మాత్రము తన సంగతిని చాలమందికి తెలియనీయలేదు. బయటికి చెప్పుకొనుటలో ఇద్దరి దారులు వేరు. ప్రతిదినము తమ చికిత్సను తామే చూచుకొనుటలో మాత్రము ఒక్కటే. లారెన్సు 1968 వరకు, ఎలిజబెత్ 1981 వరకు జీవించిరి. ఆమె తన జీవితములో ఇంచుమించు 42,000 సూదిమందులు తీసికొనినదని లెక్కించిరి.

1936లో హిమ్స్‌వర్త్ అను ఆంగ్ల వైద్యుడు ఇన్సులినుకు సులభముగ లొంగు రోగులును, లొంగని రోగులును వేరని చూపెను. కృశించినవారు, స్థూలకాయులు అను ప్రాచీన విభజనము ఇచ్చట జ్ఞప్తికి రాకమానదు. నేడు మొదటి రకము, రెండవ రకము అని మనము చెప్పునది ఈ భేదమునే. మొదటి రకమువారికి ఇన్సులిన్ ప్రాణాధారము. ఎవరేమి చెప్పినను దానిని మానరాదు. రెండవ రకమువారిలో పెక్కుమందికి ఆహారనియమము, నడక, మాత్రలు ముఖ్యము. కొందరికి ఇన్సులిన్ కూడ అవసరమగును.

అయినను ఒక సందేహము చాలకాలము మిగిలియుండెను. ఇంత శ్రమపడి చక్కెరను అదుపులో నుంచుటవలన కన్నులు, మూత్రపిండములు నిజముగ దక్కునా? 1993లో అమెరికా, కెనడాలలో 1,441 మంది మొదటి రకము రోగులపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడినవి. గట్టి అదుపువలన క్రొత్తగా కంటిజబ్బు వచ్చు అవకాశము 76 శాతము తగ్గెను. రెండవ రకము వ్యాధి క్రొత్తగా బయటపడిన 5,102 మందిని చేర్చుకొని బ్రిటనులో జరిపిన పరిశోధన 1998లో ఇట్టి మేలునే చూపెను. తొలి సంవత్సరములలో పాటించిన అదుపు ఫలితము పది సంవత్సరముల తరువాత కూడ నిలిచినదని 2008లో తేలినది.

కావున వ్యాధి తెలిసిన దినము తలవ్రాత ముగిసిన దినము కాదు. మేలు కూడబెట్టుటకు అంతకంటె మంచి అదను లేదు. మొదటి వారమే అన్నియు నేర్వనక్కరలేదు. తన వ్యాధి ఏ రకమో వైద్యుని అడిగి తెలిసికొనుట, తినునది కొలుచుకొనుట, చక్కెరను పరీక్షించి వ్రాసికొనుట, పాదములను ప్రతిరాత్రి చూచుకొనుట, సంవత్సరమున కొకసారి కన్నులు పరీక్ష చేయించుకొనుట, ఇవి ఒకదాని వెంట ఒకటి అలవాటగును. ఎలిజబెత్ మూడేండ్లు ఆకలితో వేచియుండి పొందిన మందు నేడు కనుగొనబడియే యున్నది. దానిని అవసరమైన ప్రతివానికి అందించుట సమాజము వంతు. దానిని వాడుకొను విద్యను నేర్చుకొనుట రోగి వంతు.