బందెలదొడ్డి ఉంది, పిల్లల గది లేదు

సూరత్ నగరంలోని గోడాదరా, లింబాయత్ పేర్లు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి ఇళ్లకు కొత్తవి కావు. చేనేత కుంగిన కొద్దీ షోలాపూర్‌కూ భీవండికీ సూరత్‌కూ సాగిన వలసలో మరమగ్గాల దగ్గరకు చేరిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. మగవారిది పన్నెండు గంటల షిఫ్టు. ఆడవారిలో చాలామంది ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసు కుడతారు, రాళ్లు అతికిస్తారు, దారాలు కత్తిరిస్తారు. కూలి చీరకింత. పక్కనే చంటిబిడ్డ నేల మీద పాకుతూ ఉంటుంది.

ఆ బిడ్డను చూసుకునే భారం తల్లిది కాక మరెవరిది? మన చట్టం తొలినుంచీ ఇచ్చిన జవాబు యజమానిది అని. యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లలకొక గది కేటాయించాలని ఆదేశించే అధికారం 1934 చట్టమే ప్రభుత్వాలకు ఇచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దానిని విధిగా మార్చింది. 1976లో ఆ సంఖ్య ముప్పైకి తగ్గింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ క్రెచ్ తప్పనిసరి చేశారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడవచ్చునన్నారు. మంచి మాటే. అయితే ఈ చట్టాలన్నీ ఒకే కప్పు కింద తలలు లెక్కిస్తాయి. ఫ్యాక్టరీల చట్టం పరిధిలోకి రాకుండా ఒకే ఆవరణను పలు పేర్లతో చీల్చుకోవడం సూరత్ మరమగ్గాల పరిశ్రమలో పాత విద్య. ఇక ఇంట్లో లేసు కుట్టే స్త్రీకి కాగితం మీద యజమానే ఉండడు.

ప్రభుత్వం తన వంతు చేయలేదని కాదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలయ్యాయి. కానీ అంగన్‌వాడీ కొద్ది గంటలే తెరిచి ఉంటుంది. మూడేళ్లలోపు బిడ్డకు పోషకాహారం ఇస్తుందే గాని రోజంతా ఉంచుకోదు. ఆ లోటు పూరించడానికి 2006లో రాజీవ్ గాంధీ పేరిట క్రెచ్ పథకం వచ్చింది. 2017లో కేంద్రం తన వాటాను 90 శాతం నుంచి 60కి కుదించింది. ఇరవై వేలకు పైబడి ఉండిన కేంద్రాలు 2020 నాటికి ఏడు వేలలోపుకు దిగాయి. అంటే కోవిడ్ రాకముందే ఇల్లు ఖాళీ అయింది!

ఆ ఏప్రిల్‌లో సూరత్ కార్మికులు ఊళ్లకు పంపమంటూ వీధుల్లోకి వచ్చిన దృశ్యం అందరికీ గుర్తే. తరువాతి ఫిబ్రవరిలో నగరపాలక ఎన్నికలు జరిగాయి. 120 స్థానాల్లో భాజపాకు 93, ఆమ్ ఆద్మీ పార్టీకి 27. ఆ ఫలితాన్ని మేమందరం పార్టీల జమాఖర్చుగానే చదివాం; నేనూ అంతే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2021 మార్చిలో, అమెరికా తన ఉపశమన చట్టంలో శిశు సంరక్షణకు సుమారు 39 వందల కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో పెద్ద భాగం 2023 సెప్టెంబరుతో ముగిసిపోయింది, అది వేరే కథ. ఇక్కడ 2022లో పథకం పేరు ‘పాల్నా’ అయింది. 17 వేల అంగన్‌వాడీ క్రెచ్‌లు లక్ష్యమన్నారు.

నగరాల మాటేమిటి? 74వ సవరణ చేర్చిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాలకు 18 విషయాలున్నాయి. శ్మశానాలున్నాయి, కబేళాలున్నాయి, బందెలదొడ్డి కూడా ఉంది. పసిపిల్లల సంరక్షణ మాత్రం పేరుపెట్టి లేదు.

సూరత్ చేతగాని నగరం కాదు. 1994 ప్లేగు తరువాత కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో రెండేళ్లు తిరగకుండానే చెత్త నగరమన్న పేరు పోగొట్టుకుంది. వలస వచ్చిన వారి పిల్లల కోసం తెలుగు, ఒడియా, మరాఠీ మాధ్యమాల్లో పురపాలక బడులు నడుపుతున్న నగరం అది. ఆరేళ్ల తెలుగు పిల్లకు తన భాషలో అక్షరాలు దిద్దించడం విధిగా భావించిన సంస్థకు, రెండేళ్ల పిల్లను రోజంతా ఉంచుకోమని ఏ చట్టమూ చెప్పడం లేదు. అదే గుజరాత్‌లో, అహ్మదాబాద్‌లో, ‘సేవా’ సంఘం ప్రోద్బలంతో శిశు సంరక్షకుల సహకార సంఘం ‘సంగిని’ 1986లోనే ఏర్పడి, అసంఘటిత కార్మికుల బిడ్డలను తల్లుల పనివేళలకు తగినట్టు చూసుకుంటూ వచ్చింది. నమూనా కోసం అమెరికా వెళ్లనక్కరలేదు.

లింబాయత్, గోడాదరా వైపు పురపాలక బడి ఉన్న ప్రతిచోటా ఒక గది, ఉదయం నుంచి రాత్రి షిఫ్టు మారేదాకా ఇద్దరు ఆయాలు, వారి జీతానికి నగర బడ్జెట్‌లో ఒక పద్దు. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగవచ్చే కార్పొరేటరును ముందుగా ఆ పద్దు గురించే అడగాలి.