రహీం సాబ్ పోలీసు జట్టు

సుల్తాన్ బజార్ చరిత్ర చెప్పేవారు సాధారణంగా రెండు తేదీలతో మొదలుపెడతారు. ఒకటి 1901, రెసిడెన్సీ బజార్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసిన సంవత్సరం. రెండోది 1933, బ్రిటిష్ వారు ఆ వాడను నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించగా అది సుల్తాన్ బజార్‌గా మారిన సంవత్సరం. గ్రంథాలయోద్యమం, ఆంధ్ర మహాసభ, ఆ తర్వాతి రాజకీయాలు అన్నీ ఈ వీధుల మీదుగానే నడిచాయి కనుక అలా మొదలుపెట్టడం సబబే. అయితే అదే కాలంలో ఇక్కడికి కూతవేటు దూరంలోని కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన ఒక ఉపాధ్యాయుడి కథ కూడా ఈ ప్రాంతానిదే. అది ఇక్కడి పుస్తకాల్లోకి రావలసినంతగా రాలేదు.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్నాడు, విద్యార్థిగా అక్కడి జట్టుకు ఆడాడు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పనిచేసిన బడులు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నాడు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. 1943 నుంచి నగర పోలీసు జట్టుకు శిక్షణ ఇవ్వసాగాడు. 1963లో కన్నుమూసేదాకా ఆ జట్టుతో ఆయన బంధం తెగలేదు. ఇరవై ఏళ్లపాటు ఒకే జట్టుకు ఒకే గురువు ఉండడం మన దేశంలో ఏ ఆటలోనైనా అరుదు. ఈ కథలోని విజయాలన్నిటికీ ఆ ఇరవై ఏళ్లే మూలమని నా అభిప్రాయం.

ఫుట్‌బాల్ ఇక్కడికి సికింద్రాబాద్ కంటోన్మెంటు నుంచి వచ్చింది. బొల్లారం, తిరుమలగిరి బారకుల్లోని తెల్ల సిపాయిలు ఆడుతుంటే చుట్టుపక్కల పిల్లలు చూసి నేర్చుకున్నారు. చెప్పులకే దిక్కులేని ఇళ్లలో బూట్ల మాట ఎక్కడిది? ఒట్టికాళ్లతోనే ఆడారు. మన పిల్లలకు ఎదుటివాళ్లంత ఎత్తు లేదు, బరువు లేదు. ఒంటిని ఒంటితో ఢీకొనే ఆటలో వాళ్లు నెగ్గలేరని రహీంకు అర్థమైంది. అందుకే ఎదుటివాడు మీదికి వచ్చేలోపే బంతి కాలు వదిలిపోవాలన్నాడు. ఒక్క తాకుతో పాస్ ఇవ్వు, ఇచ్చిన చోట నిలబడకు, ఖాళీలోకి పరుగెత్తు. ఆయన ఆట శాస్త్రం మొత్తం ఇదే.

చెప్పడం తేలికే, కాళ్లకు పట్టుబడడం కష్టం. దానికి రహీం పట్టిన దారి బడిపంతులు మాత్రమే ఆలోచించగలిగింది. కుర్రాళ్లకు ఆయన ప్రత్యేకమైన పోటీలు పెట్టించాడు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలే వాడాలి. మొదట్లో బంతి ఎటు పోతుందో తన్నినవాడికే తెలియదు. కొన్నాళ్లకు ఆ కాలికీ మాట వినడం వస్తుంది. రెండు కాళ్లూ పలికేవాడికి బంతిని వాటమైన వైపు తిప్పుకోవలసిన పని ఉండదు, ఆ తిప్పుకునే క్షణం మిగులుతుంది. ఒక్క తాకు ఆటకు కావలసింది ఆ క్షణమే. మరో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. ఎంత మొనగాడైనా బంతిని తోటివాడికి ఇచ్చి తీరాలి. పక్కవాడు ఎక్కడున్నాడో తల ఎత్తకుండానే తెలిసిన కుర్రాళ్లు ఈ పోటీల్లోంచే తయారయ్యారు.

అలా కలిసి పెరిగిన తరానికి 1950 నాటికి పంట చేతికొచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగి హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. పాలన తలకిందులైంది, కొలువులు చేతులు మారాయి, ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటిపోయాయి. అంతటి కుదుపులోనూ ఈ జట్టు చెదరలేదు. 1950లో బొంబాయి వెళ్లి, 1891 నుంచి జరుగుతూ వచ్చిన రోవర్స్ కప్పు గెలిచింది. అదే ఏడు, యుద్ధం వల్ల ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు స్వతంత్ర భారతంలో తొలిసారి జరిగింది. ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి దాన్నీ తెచ్చుకుంది. 1911లో ఒట్టికాళ్లతో తెల్లవాళ్ల రెజిమెంటును ఓడించి జాతి గౌరవానికి గుర్తుగా నిలిచిన క్లబ్బు మోహన్ బగాన్. దాన్ని ఒకప్పటి సంస్థానపు పోలీసు జట్టు ఓడించడం ఆనాటి ఫుట్‌బాల్ లోకం ఊహించనిది.

తర్వాత 1951, 1952, 1953, 1954. ప్రతి ఏడూ రోవర్స్ కప్పు హైదరాబాదుకే వచ్చింది. వరసగా అయిదు. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడినా, 1954లో ఆ కప్పు మళ్లీ దక్కింది. రక్షణలో సయ్యద్ అజీజుద్దీన్, హాఫ్‌బ్యాక్‌గా నూర్ మహమ్మద్, ఇంకా లాయిక్, మొయినుద్దీన్, జమాల్. ఈ పేర్లు కొద్ది మార్పులతో ఏటేటా కనిపిస్తాయి.

వీళ్లను కలిపి ఉంచింది ఏమిటి? స్నేహం ఉంది, గురువు మీద గురి ఉంది. వాటికంటే గట్టిది నెల తిరిగేసరికి వచ్చే జీతం. ఆటగాడికి పోలీసు శాఖలో ఉద్యోగం, డ్యూటీలోనే ఆటకు సమయం. పేద ఇంటి కుర్రవాడికి ఆ రోజుల్లో ఇంతకు మించిన భరోసా లేదు. కలకత్తా తీరు వేరు. అక్కడి పెద్ద క్లబ్బులకు డబ్బుంది, వేల మంది అభిమానులున్నారు. తయారైన ఆటగాళ్లను అవి దేశమంతటి నుంచీ రప్పించుకునేవి. ఆ కాలంలో ఈస్ట్ బెంగాల్‌ను ఏలిన పంచపాండవులు వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. అక్కడ డబ్బు చేసిన పనిని ఇక్కడ సర్కారీ ఉద్యోగం చేసింది. హంగేరీలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తుచేసిన ఆ దేశపు జట్టుకు వెన్నెముక హోన్వెద్, అది సైన్యం నడిపిన క్లబ్బు. పుష్కాష్, బోజిక్, కోచిష్ ఏడాది పొడవునా అందులో కలిసే ఆడేవారు.

1950లో రహీం భారత జట్టుకూ శిక్షకుడయ్యాడు. దాంతో హైదరాబాదులో పండిన ఆట దేశానికి అందింది. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఏకైక గోల్‌తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో అజీజుద్దీన్, నూర్, లాయిక్ ఉన్నారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఒట్టికాళ్లతో ఆడారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం రద్దయి ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, భారత జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల సొంతగడ్డ మీద 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. ఆసియా జట్లలో ఆ మెట్టు ఎక్కిన మొదటిది అదే. మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా బొంబాయి ఆటగాడు, కెప్టెన్ సమర్ బెనర్జీ బెంగాలీ. జట్టులో హైదరాబాద్ వాటా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అజీజుద్దీన్, నూర్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, వీళ్లకు తోడు హైదరాబాదులోనే పుట్టి సైనిక జట్ల ద్వారా ఎదిగిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. సెమీఫైనల్లో యుగోస్లావియాపై మొదటి గోల్ మనదే అయినా చివరికి 4-1తో ఓటమి. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో మనకు ఈనాటికీ అంతకు మించింది లేదు.

ఇంట్లోనూ ఆ రెండేళ్లు శిఖరమే. రాష్ట్ర జట్లు తలపడే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాద్ గెలుచుకుంది. ఆ పేరుతో రాష్ట్రం పటం మీద లేకుండా పోయినా ఆటలో హైదరాబాద్ హైదరాబాదుగానే నిలిచింది. 1957లో పోలీసు జట్టుకు రోవర్స్, డ్యూరాండ్ రెండూ దక్కాయి. ఒకే ఏడు రెండు కప్పులూ తేవడం 1950, 1954 తర్వాత అది మూడోసారి. తర్వాత ఆంధ్ర ప్రదేశ్ పోలీసుగా పేరు మారిన ఆ జట్టు 1961 డ్యూరాండ్ ఫైనల్లో మళ్లీ మోహన్ బగాన్‌నే ఓడించింది.

అయితే కలకత్తా పిలుపు అప్పటికే బలంగా వినిపిస్తోంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. వెళ్లినవారిని తప్పుపట్టలేం. ఆటగాడి కాలు పదేళ్లు పనిచేస్తే గొప్ప, ఆ పదేళ్లలో నాలుగు డబ్బులు చూసుకోవాలనుకోవడం న్యాయమే. పాత తరానికి ప్రభుత్వ గౌరవాలు కూడా దక్కలేదు. అర్జున అవార్డు 1961లో మొదలైంది, అప్పటికి నూర్, అజీజుద్దీన్‌ల ఆట ముగిసింది. రెండు ఒలింపిక్స్ ఆడిన ఆ ఇద్దరి పేర్లను ఈ నగరంలో ఒక వీధికైనా పెట్టి ఉండవలసింది.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ రెండోసారి ఆసియా స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో బలరాం, తంగరాజ్, పోలీసు జట్టు యూసఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు. అప్పటికే రహీంను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్ 11న ఆయన మరణించాడు. ఆయన వేసిన పంట మరో మూడేళ్లు పండింది. 1965-66లో ఆంధ్ర ప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఈనాటి వరకు రెండు తెలుగు రాష్ట్రాల్లో దేనికీ అది రాలేదు. ఆయన శిక్షణ చివరి రోజుల్లో పోలీసు జట్టులో అడుగుపెట్టిన నయీముద్దీన్, అదే నగరపు కుర్రవాడు మహమ్మద్ హబీబ్ 1960ల నడుమ కలకత్తా చేరారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీం కెప్టెన్, హబీబ్ ముందువరస ఆటగాడు, శిక్షకుల్లో ఒకరు మెల్‌బోర్న్, జకార్తాలలో రహీం దగ్గర ఆడిన పి.కె. బెనర్జీ. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో భారత్‌కు దక్కిన చివరి పతకం అదే.