పాలకుర్తి పొలం: ఒక కౌలు భూమి చరిత్ర

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట చరిత్రలో తప్పక పేర్కొనదగిన పొలం ఒకటి ఉంది. దాని విస్తీర్ణం నాలుగెకరాలు మాత్రమే. ఆనాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మగా ప్రసిద్ధి పొందిన చిట్యాల ఐలమ్మ ఆ పొలాన్ని కౌలుకు సాగు చేసింది.

ఐలమ్మ 1895లో రజక కుటుంబంలో జన్మించింది. నిజాం సంస్థానంలో వృత్తికులాలవారు గడీలకు ప్రతిఫలం లేకుండా చాకిరీ చేయవలసి ఉండేది. వెట్టిని నిషేధిస్తూ ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడినా గ్రామాలలో వాటికి విలువ ఉండేది కాదు. అటువంటి కాలంలో ఐలమ్మ కుటుంబం మల్లంపల్లి భూస్వామి వద్ద కౌలుకు తీసుకున్న భూమిలో నాలుగెకరాలను సాగులోకి తెచ్చింది. తాను ఆంధ్ర మహాసభలో సభ్యురాలు కూడా అయింది. గ్రామీణులు ఆ సభను ‘సంఘం’ అని పిలిచేవారు.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఇది సహించరాని విషయమయింది. పుచ్చలపల్లి సుందరయ్య తమ గ్రంథంలో పేర్కొన్న ప్రకారం ఆ దేశ్‌ముఖ్‌కు నలభై వేల ఎకరాల భూమి ఉండేది. అంతటి సంపన్నునికి నాలుగెకరాల పంట ఒక లెక్కలోనిది కాదు. వెట్టి చేయవలసిన కుటుంబం సొంతంగా సేద్యం చేయడమే, సంఘం అండ చూసుకుని నిలబడడమే అతని ఆగ్రహానికి మూలం. ఐలమ్మ పంటను కోసి తెమ్మని అతడు తన మనుషులను పంపాడు. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలైన సంఘ నాయకులు, కార్యకర్తలు వారిని తరిమివేసి, పంటను ఐలమ్మ ఇంటికి చేర్చారు. అనంతరం అరెస్టులు జరిగాయి; ఐలమ్మ కుటుంబం తీవ్ర నిర్బంధాన్ని అనుభవించింది. అయినా ఆ ధాన్యం గడీకి చేరలేదు. దొరను ఎదిరించి కూడా పంట నిలుపుకోవచ్చునన్న వార్త చుట్టుపక్కల గ్రామాలకు పాకింది.

1946 జులై 4న సమీప గ్రామమైన కడవెండిలో, ఊరేగింపుగా వెళుతున్న ప్రజలపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య మరణించాడు. ఉద్యమం క్రమంగా సాయుధ రూపం దాల్చింది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత కూడా కొనసాగి, 1951 అక్టోబరులో విరమింపబడింది.

ఈ మధ్యకాలంలోనే 1949లో జాగీర్ల రద్దు జరిగింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. ‘రక్షిత కౌలుదారు’ అన్న హోదాకు ఆ చట్టం పటిష్టమైన స్థానం కల్పించింది. అటువంటి కౌలుదారులకు యాజమాన్య హక్కు సంక్రమింపజేసే 38-ఇ సెక్షన్ తరువాతి సవరణతో అందులో చేరింది. ఈ సంస్కరణలకు కారణాలు అనేకం. ఒక్క పాలకుర్తి ఘటనకే వాటిని ఆపాదించడం సరికాదు. కాని దున్నేవానికి భూమిపై గల హక్కు ఏమిటన్న ప్రశ్న, చట్టసభకంటె ముందుగా ఆ పొలం గట్టుపైననే తలెత్తింది. దానికి గ్రామీణులు తమకు తెలిసిన రీతిలో అక్కడే సమాధానం కూడా చెప్పుకున్నారు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న పాలకుర్తిలో కన్నుమూసింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టింది. అక్కడ చదువుకొనే బాలికలలో కౌలు రైతుల బిడ్డలు కూడా ఉంటారు. ఆ పేరు వెనుక ఉన్నది నాలుగెకరాల పంటేనని వారికి తెలియజేయడం చరిత్ర బోధన బాధ్యత.