బరంపురంలో రెండో ఓటు

2022 మార్చి 24వ తేదీన బరంపురంలో నగరపాలక ఎన్నికలు జరిగాయి. మా పోలింగు కేంద్రంలో, వరుసలో నా ముందు ఒక ముసలమ్మ నిలుచుంది. నేతపనివారి వీధి మనిషి. లోపల ఒక్కొక్కరూ రెండు ఓట్లు వేయాలని ఎవరో చెప్పగా విని, వెనక్కి తిరిగి నన్నడిగింది: "రెండోది ఎందుకు బాబూ? మన వార్డాయనకి ఏస్తే చాలదేటి?"

"రెండోది మేయరుకి మామ్మా" అన్నాను.

"మేయర్ని మనమెప్పుడు ఎన్నుకున్నాం? నెగ్గినోళ్ళంతా కూడి ఆళ్ళే ఎన్నుకుంటారు కదా" అంది.

ఆమె మాట అక్షరాలా నిజం. అంతవరకు ఒడిశాలో మేయర్ని కార్పొరేటర్లే తమలోంచి ఎన్నుకొనేవారు. ఈ ఎన్నికలకు ముందు ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. భువనేశ్వర్, కటక్, బరంపురం మూడు నగరాల్లోనూ ప్రజలు తొలిసారిగా మేయర్లను నేరుగా ఎన్నుకున్నారు. మూడుచోట్లా బిజూ జనతా దళ్ అభ్యర్థులే గెలిచారు. మా ఊళ్ళో గెలిచినవారు సంఘమిత్ర దళేయి. ఆ ముసలమ్మ ప్రశ్న మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. ఊరి పెద్దను ఎవరు ఎన్నుకోవాలి? ఆ పద్ధతి మారితే మనవంటి అల్పసంఖ్యాక భాషవారికి ఒరిగేదేమిటి, తరిగేదేమిటి? దీనికి జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బరంపురం పురపాలక సంఘం 1867లో ఏర్పడింది. అప్పుడు ఈ ఊరు మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ తొలినాళ్ళలో ఎన్నికల ఊసే లేదు; సంఘ సభ్యులను దొరలే నియమించేవారు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. తరువాత 1884లో మదరాసు జిల్లా పురపాలక చట్టం వచ్చింది. దానితో పన్ను కట్టేవారు కొందరు సభ్యులను ఎన్నుకొనే వీలు కలిగింది. పన్ను కట్టేవారంటే ఇళ్ళూ దుకాణాలూ ఉన్నవారు, వకీళ్ళు, వర్తకులు. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి ఆ రోజుల్లో ఓటు దొరకడం కష్టమే.

ఇక్కడొక సంగతి మనం దాచుకోకూడదు. ఆ కాలంలో తక్కెడ మనవైపు మొగ్గి ఉండేది. కచేరీలలో, కోర్టులలో, బడులలో తెలుగు చదువుకున్నవారి పలుకుబడి ఎక్కువ. వి.వి. గిరి గారి తండ్రి జోగయ్య పంతులు గారు ఈ ఊళ్ళోనే పేరున్న వకీలు. గిరి గారు 1894లో పుట్టిందీ ఇక్కడే. ఒడియా సోదరులు తమ భాషకు చోటు లేదని బాధపడ్డారు. ఆ బాధలోంచే గంజాంలో ఒడియా ఉద్యమం బలపడింది. శశిభూషణ్ రథ్ 1913లో ఈ ఊరినుంచే 'ఆశా' పత్రికను మొదలుపెట్టారు. చివరకు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం అందులో చేరింది, దక్షిణాన పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం మదరాసులో మిగిలింది. ఒక్క రోజులో మనం ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రం వాళ్ళమైపోయాం. నాడు ఒడియావారు ఏది అడిగారో అదే అడగవలసిన వంతు మనకు వచ్చింది. అందుచేత మన కోరికలో కోపానికి చోటుండకూడదని నా అభిప్రాయం. వారు అడిగింది న్యాయమైతే మనం అడిగేదీ న్యాయమే.

స్వాతంత్ర్యం తర్వాత వయోజనులందరికీ ఓటు వచ్చింది. ఆ ఓటు మనకు వార్డు రూపంలో ఉపయోగపడింది. దేవాంగుల వీధులు, వర్తకుల వీధులు ఒకచోట గుంపుగా ఉండడం వల్ల మన మాట మాట్లాడే మనిషి ఏదో ఒక వార్డునుంచి గెలిచేవాడు. కుళాయి రాకపోయినా, కాలువ పొంగినా అతని గుమ్మం ఎక్కి తెలుగులో తిట్టవచ్చు. అతనూ తెలుగులోనే సర్దిచెప్పేవాడు. పెద్ద ఊళ్ళో చిన్న భాషకు వార్డు ఒక అరుగు వంటిది.

1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అయిదేళ్ళ గడువును, స్త్రీలకు మూడోవంతుకు తగ్గని స్థానాలను, రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని స్థిరపరచింది. అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకోవాలన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికే వదిలింది. ఆ ఇష్టం గాలివాటంగా మారుతూ వచ్చింది. తమిళనాట 1996లో మేయర్లను ప్రజలే ఎన్నుకున్నారు, 2006లో కౌన్సిలర్లు, 2011లో మళ్ళీ ప్రజలు, 2022లో మళ్ళీ కౌన్సిలర్లు. హైదరాబాదులో 2002లో ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు, 2009లో ఆ పని తిరిగి కార్పొరేటర్ల చేతికి వెళ్ళింది. ప్రతి మార్పుకీ ఒక సిద్ధాంతం చెప్పారు గాని, చాలాసార్లు అధికారంలో ఉన్నవారి లెక్కలే దాని వెనుక ఉంటాయి.

రెండు పద్ధతుల తేడా తెలియడానికి మనవాళ్ళు తరతరాలుగా ఉంటున్న మరొక ఊరు చూద్దాం. తెలుగు, కన్నడం, తమిళం కలగలిసి వినిపించే హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. 2022 ఫిబ్రవరి 19న, అంటే మాకు నెల రోజుల ముందు, అక్కడ తొలి కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. మొత్తం 45 వార్డులు. డి.ఎం.కె.కు 21, అన్నా డి.ఎం.కె.కు 16 వచ్చాయి. సగం దాటాలంటే 23 కావాలి. అంటే ఇద్దరు ముగ్గురు సభ్యులు ఎటు మొగ్గితే మేయరు పదవి అటు మొగ్గుతుంది. అటువంటి సభలో ఒక చిన్న వీధినుంచి వచ్చిన మనిషికి ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. బరంపురంలో కొత్త పద్ధతి వచ్చాక ఆ బేరం లేదు. మేయరుకు ఊరంతా వేసిన ఓటు ఉంది. పీఠం కోసం కార్పొరేటరు చెయ్యి పట్టుకోనక్కరలేదు.

దీన్ని చూసి మావాళ్ళలో కొందరు "మన బలం పోయింది" అన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తరువాత నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఆ బలంతో ఇన్నేళ్ళూ మనం తెచ్చుకున్నదేమిటి? బేరమాడినవారికి ఏదో ఒక స్థాయీ సంఘంలో చోటు, ఒక వీధికి సిమెంటు రోడ్డు. తెలుగు బడి గురించి ఎవరు బేరమాడారు? పన్ను నోటీసు తెలుగులో కూడా ఇమ్మని ఎవరు పట్టుబట్టారు? నాకు తెలిసినంతలో మా వీధికి ఓట్లడగడానికి వచ్చినవారిని మేమెవరమూ ఆ మాట అడగలేదు. తప్పు పద్ధతిది కాదు, మాది.

అడగడానికి ఆధారం లేకనా? రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రయత్నించడం ప్రతి రాష్ట్రం కర్తవ్యమని అది చెబుతుంది. అంతటితో ఆగలేదు, ఆ రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థ కర్తవ్యం కూడా అంటుంది. స్థానిక సంస్థ అంటే మన నగరపాలక సంస్థ కూడా! బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న సూత్రం 1949 నాటిదే. జనాభాలో 15 నుంచి 20 శాతం ఒక భాషవారు ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ వెలువడాలని 1956 నాటి కేంద్ర పత్రం చెప్పింది. బడులు ప్రభుత్వానివి, మాదేముంది అని కార్పొరేషన్ వారు అనవచ్చు. నిజమే, కాని తీర్మానం చేసి పంపడానికి వారికి అడ్డేమీ లేదు. చేయమని అడిగేవారు ఉండాలి.

ఇలా ఆలోచిస్తే రెండో ఓటు నాకు నష్టంగా కనిపించడం లేదు. ఊళ్ళో తెలుగువారందరూ తెలుగు వీధుల్లోనే లేరు. కొత్త కాలనీల్లో ఒడియా ఇరుగుపొరుగు మధ్య చెదరి ఉన్నవారు చాలామంది. వార్డు లెక్కలో వారి ఓటుకు రూపం లేదు. మేయరు లెక్కలో చెదిరిన ఓట్లు కూడా ఒకచోట చేరతాయి. ఆ కుర్చీ కోరేవారు 42 వార్డులూ తిరగాలి. మన వీధికీ రావాలి. వచ్చినప్పుడు దండ వేసి పంపకుండా రెండు ప్రశ్నలు వేయాలి. బడిలో మా పిల్లలకు తెలుగు పంతులు ఉంటాడా? నోటీసులో మా అక్షరాలు ఉంటాయా? ఇవే ప్రశ్నలు మొదటి ఓటు అడిగేవాణ్ణీ అడగాలి. ఒడియా మిత్రులను పక్కన నిలబెట్టుకుని అడిగితే మరీ మంచిది. 1936కు ముందు ఏమి జరిగిందో వారి తాతలు వారికి చెప్పే ఉంటారు.

ఆ రోజు ఓటు వేసి బయటికి వచ్చాక ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. రెండూ వేశావా అని అడిగాను.

"ఏసేను. రెండోదానికి పేరు చదవలేక గుర్తు చూసి నొక్కీసేను" అంది.

ఆమెకు చదవడం వచ్చు. తెలుగు మాత్రమే వచ్చు.