లేని 21వ గడి

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ల ముందు జనం నిలబడిపోయారు. కంప్యూటర్లు మొరాయించడంతో ఇండిగో సిబ్బంది పెన్నులు అందుకున్నారు. పేరు, విమానం నంబరు, సీటు, అన్నీ చేత్తోనే. కోల్‌కతా వెళ్తున్న ఓ ప్రయాణికుడు తనకందిన ఆ చేతిరాత బోర్డింగ్ పాస్‌ను ఫొటో తీసి ఎక్స్‌లో పెడితే దేశమంతా చూసింది.

అసలు ప్రమాదం ఉదయం 9.39కే మొదలైంది. అమెరికా సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ కంప్యూటర్లకు ఓ చిన్న ఫైలు పంపింది. అందులోని నియమం 21వ విలువను చూడమంది. ప్రోగ్రాం దగ్గరున్నవి 20. లేని గడి కోసం అది తనది కాని మెమరీలోకి వెళ్లింది. నడుస్తున్నది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌లో కాబట్టి ప్రోగ్రాం ఒక్కటే ఆగలేదు, కంప్యూటరే కూలింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ నీలి తెర. 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నారు. ఈలోపే దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. చాలావాటిని సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక్కోదాంట్లోంచి ఆ ఫైలును మనిషే చెరిపెయ్యాల్సి వచ్చింది.

ముందుగా పరీక్షించలేదా? పరీక్షించారు. అంతకుముందు పంపిన నియమాల్లో 21వ గడి దగ్గర ‘ఏదైనా సరే’ అని ఉండేది. అందుకే ప్రోగ్రాం దాని జోలికి పోలేదు. నెలల తరబడి అంతా సవ్యంగానే కనిపించింది. నన్ను కలవరపెట్టేది ఇదే. ‘జాగ్రత్తగా రాస్తే చాలు, హద్దు దాటుతున్నామేమోనని ప్రతిసారీ తనిఖీ పెడితే వేగం పోతుంది’ అనే మాట సి, సి++ రాసేవాళ్ల నోట ఇప్పటికీ వింటుంటాం. ఇక్కడ జారిపడింది భద్రతే వృత్తిగా పెట్టుకున్న సంస్థ!

1960ల్లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ బృందం ఆల్గాల్ భాషకు తయారుచేసిన కంపైలర్ హద్దు దాటే ప్రతి అడుగునూ పట్టుకునేది. వేగం కోసం ఆ తనిఖీని ఆపేసుకునే వీలు కల్పించమంటారా అని తర్వాత అడిగితే, వాడుతున్నవాళ్లంతా వద్దన్నారట. 1980 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఆయనే ఈ సంగతి చెప్పారు. వాళ్లు రోజూ తప్పులు చూస్తున్నవాళ్లు మరి.

ఫాల్కన్‌ను రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఉంటే ఈ పతనం తప్పేదని ఒట్టేసి చెప్పలేను. హద్దు దాటితే అదీ ప్రోగ్రాంను ఆపేస్తుంది, కెర్నల్‌లో ఆగిపోవడమూ ముప్పే. కానీ విలువ లేకపోతే ఏం చేయాలో రాసేటప్పుడే తేల్చుకోమనే పద్ధతి అందులో ఉంది.

ఫాల్కన్‌లో ఆ హద్దు తనిఖీని క్రౌడ్‌స్ట్రైక్ జులై 25న చేర్చింది.